తలపాగా – టోపీ

పాఠ్యభాగ పరిచయం

పంతొమ్మిదవ శతాబ్దపు సైనికులు తలపై ధరించిన పాగాలు, టోపీలు, లోహపు శిరస్త్రాణాలు నేడు ప్రపంచమంతటా ఎందరో వెదకి దాచుకొనే పురావస్తువులు. వాటిని గుర్తించే తీరు, కాపాడే పద్ధతి, వాటి వెనుక నిలిచిన చరిత్ర ఈ వ్యాసంలో కనబడతాయి. మంచిర్యాల జిల్లా నస్పూర్‌కు చెందిన ఒక ఉపాధ్యాయుడు తన ఇంటి అనుభవంతో మొదలుపెట్టి ఈ విషయాన్ని వివరిస్తున్నాడు.

పాఠం

మా ఇల్లు నస్పూర్‌లో ఉన్నది. ఒకవైపు శ్రీరాంపూర్ బొగ్గు గనులు, మరొకవైపు గోదావరి. మా నడిమింటి గోడకు ఒక మేకు, ఆ మేకుకు నల్లని ఫైబరు టోపీ నా చిన్నతనం నుండి వేలాడుతూ ఉండేది. మా బాపు బొగ్గు బాయిలోకి దిగేటప్పుడు పెట్టుకొనే టోపీ అది. ముందువైపు దీపాన్ని తగిలించుకొనే పట్టీ, వెనుకవైపు దీపపు తీగ జారకుండా పట్టి ఉంచే కొక్కెం ఉండేవి. షిఫ్టు దిగి వచ్చిన బాపు ముందుగా దానిని మేకుకు తగిలించి, ఆ తరువాతనే నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచేవాడు.

అదే గదిలో మూలన ఒక రేకు పెట్టె ఉండేది. అందులో పాత దస్తావేజుల అడుగున పొడవైన పాగా గుడ్డ ఒకటి, దానిలో చుట్టి పెట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేవి. అవి మా తాత తాతవి. ఆయన నిజాం రాజ్యంలోని కాంటింజెంటు ఫౌజులో జవానుగా పనిచేసినాడని ఇంట్లో చెప్పుకొనేవారు. ఆయన పేరు తప్ప మరే వివరమూ ఎవరికీ తెలియదు. ఫోటో లేదు, కాగితం లేదు. ఉన్నవి ఆ గుడ్డ, ఆ బిళ్ళ మాత్రమే.

నాకు పదేళ్ళ వయసున్నప్పుడు దసరా పండుగకు ఇంటిలోని ఇత్తడి సామానంతా వాకిట్లో వేసి తోముతున్నారు. పెద్దవారు బిందెలు, చెంబులు తోముతుంటే నాకూ ఏదైనా చేయాలనిపించి పెట్టెలోని బిళ్ళను తెచ్చుకొని కూర్చున్నాను. చింతపండు రాశాను, అది చాలలేదు. ఇటుక రాయిని పొడి చేసి రుద్దాను. నల్లని మకిలి పోయింది, దాని కింద ఆకుపచ్చని చిలుము పోయింది, అప్పటికే సగం అరిగి ఉన్న గీతలూ పోయాయి. మధ్యాహ్నానికి బిళ్ళ అద్దంలా మెరిసింది. బాపు చేతిలోకి తీసుకొని, "మంచిగ మెరుస్తుంది బిడ్డా" అన్నాడు. పాగా గుడ్డను ఆ చలికాలమే మా అవ్వ బొంతలో కలిపి కుట్టింది. బొంత వెచ్చగా ఉన్నది. ఇంట్లో అందరూ సంతోషించారు.

నేను చేసిన పని ఏమిటో తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళ్ళినప్పుడు, పాత సైనిక వస్తువులను సేకరించే ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు. మా బిళ్ళను ఆయన ముందు పెట్టాను. ఆయన ముందువైపు చూడనే లేదు. మొదట వెనుకకు తిప్పి చూశాడు.

"కొక్కాలు ఇంత దగ్గరగా ఉన్నవంటే ఇది భుజం పట్టీది కాదు, పాగాకు పెట్టుకొన్నది" అని ముందుకు తిప్పి, "అంకె ఏదండీ?" అని అడిగాడు.

"చిన్నప్పుడు తోమినాను సార్."

"ఎంతదాకా తోమినారు?"

"మెరిసేదాకా."

ఆయన కోప్పడలేదు. బిళ్ళను వెలుతురుకు అటూ ఇటూ వంచి చాలాసేపు చూశాడు. "అంకె ఉంటే ఏ పలటంవాడో చెప్పేది. పలటందో, కచేరి బంట్రోతుదో అయినా చెప్పేది. ఇప్పుడిక ఎవరూ చెప్పలేరు" అని నా చేతికి ఇచ్చాడు. ఆ మాట విన్న తరువాతనే నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది. నేను సేకర్తను కాను. కొనే స్తోమతు ఉపాధ్యాయునికి ఉండదు. చదివాను, చూశాను, తెలిసినవారిని అడిగాను. ఇక్కడ వ్రాసినది అలా కూడినదే.

'శిరస్త్రాణం' అంటే శిరస్సుకు త్రాణమైనది, తలను కాపాడేది. మన భాషలో తలపై ధరించే వాటికి పేర్లు తక్కువేమీ కావు. ఉష్ణీషం, పాగా, రుమాలు, కుళ్ళాయి, టోపీ అని ఒక్కొక్క కాలం ఒక్కొక్క మాటను తెచ్చింది. కుళ్ళాయి అన్నది పారసీక భాషలోని 'కులాహ్' నుండి వచ్చిన మాట. విజయనగర కాలంలో గొప్పవారు ధరించిన పొడవైన కుళ్ళాయిలను లేపాక్షి గుడి పైకప్పు చిత్రాలలో ఇప్పటికీ చూడవచ్చు. జాతీయాలలోనూ ఇవి చేరాయి. ఒకడు మరొకరి చోట స్థిరపడి కదలకపోతే 'పాగా వేశాడు' అంటాము. మోసగిస్తే 'టోపీ వేశాడు' అంటాము. టోపీ పెట్టుకొని వచ్చిన దొరల వ్యాపారం చూసిన తరువాత ఈ రెండవ జాతీయం పుట్టిందా అని నాకు ఒక అనుమానం. దానికి నా దగ్గర రుజువు ఏమీ లేదు, సరదాకు అన్న మాటగా తీసుకోండి.

ఐరోపా సైన్యాలలో పంతొమ్మిదవ శతాబ్దం టోపీల శతాబ్దం. నెపోలియన్ యుద్ధాల నాటి సైనికుడు 'షాకో' అనే టోపీ పెట్టుకొనేవాడు. ఇది గొట్టంలా నిటారుగా నిలిచే తోలు లేదా నొక్కు ఉన్ని టోపీ. ముందు చిన్న చూరు, నుదుటిపైన లోహపు బిళ్ళ, దానిపైన కుచ్చు ఉంటాయి. కత్తి దెబ్బను అది కొంత ఆపుతుంది కాని తుపాకి గుండును ఆపదు. అయినా అంత ఎత్తు ఎందుకు? మనిషి పొడవుగా కనబడితే ఎదుటివాడు జంకుతాడు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉన్నది. ఆనాటి నల్లమందు పేలితే రణరంగమంతా పొగ కమ్మేది. ఆ పొగలో ఎవరు తనవాడో ఎవరు పగవాడో తెలియాలంటే తలపైనున్న గుర్తే ఆధారం.

గెలిచినవాని వేషాన్ని లోకం అనుసరిస్తుందనడానికి ఈ టోపీలే సాక్ష్యం. 1815లో వాటర్లూ యుద్ధంలో ఫ్రెంచి వారిని ఓడించిన తరువాత, ఇంగ్లండులోని గ్రెనేడియర్ గార్డ్స్ దళమంతటికీ ఎలుగుబంటి తోలు టోపీ దక్కింది. ప్రష్యా రాజ్యం 1842లో తోలుతో చేసి పైన ఇత్తడి మొన బిగించిన శిరస్త్రాణాన్ని తన సైన్యానికి ఇచ్చింది. ఆ ప్రష్యనులే 1870–71లో ఫ్రాన్సును ఓడించారు. ఆ తరువాత 1878లో బ్రిటిషు కాల్బలం షాకోను విడిచి, మొన ఉన్న శిరస్త్రాణాన్నే ఎత్తుకొన్నది. మొన వలన యుద్ధంలో ఒరిగేదేమీ లేదు.

మన దేశంలోని ఎండకు ఈ తోలు టోపీలు పనికిరాలేదు. ఇక్కడి దొరలకు పనికివచ్చినది మన చెరువుల్లో, పల్లపు నేలల్లో పెరిగే జీలుగు. దాని కాండంలోని తెల్లని బెండు దూదికంటె తేలిక. వేడిని లోపలికి రానీయదు. పెళ్ళిళ్ళకు బాసికాలు కట్టే ఆ బెండునే పలుచని రేకులుగా కోసి, ఒకదానిపై ఒకటి అతికించి, పైన గుడ్డ చుట్టి టోపీ చేశారు. ఉత్తర భారతంలో ఈ మొక్కను 'సోలా' అంటారు. ఎండ కోసం పెట్టుకొనేది కనుక 'సోలార్' టోపీ అని కొందరు దొరలే పొరబడ్డారు. ఆఫ్రికాలో 1879లో జూలూలతో జరిగిన యుద్ధంలో తెల్లని ఈ టోపీలు దూరానికే కనబడుతున్నాయని సైనికులు తేయాకు కషాయంలో ముంచి రంగు మార్చుకొన్నారు.

పాత టోపీ ఒకటి చేతికి వచ్చినప్పుడు దాని వయసు చెప్పేది ఏమిటి? అమ్మేవాడు చెప్పే కథ కాదు. నేను కలిసిన పెద్దమనిషి ముందుగా కిరీటం గుర్తును చూసేవాడు. బ్రిటిషు బిళ్ళలపైన కిరీటం ఉంటుంది. విక్టోరియా రాణి కాలపు కిరీటానికి పైభాగంలో రెండు వైపులా భుజాలు ఎత్తుగా నిలిచి, నడుమ నొక్కు ఉంటుంది. 1901లో ఆమె మరణించి ఎడ్వర్డు రాజైన తరువాత వచ్చిన కిరీటం గుండ్రని గోపురంలా ఉంటుంది. '1857 తిరుగుబాటు నాటిది' అని చెప్పిన టోపీ మీద గుండ్రని కిరీటం ఉంటే ఇక మాట్లాడవలసినది లేదు. ఆ తరువాత అంకె. బ్రిటిషు కాల్బలపు రెజిమెంట్లను 1881 వరకు అంకెలతో పిలిచేవారు. ఆ సంవత్సరం అంకెలు తీసివేసి జిల్లాల పేర్లు పెట్టారు. మన దేశపు దళాలకు 1903లో అంకెలన్నీ మారాయి. హైదరాబాదు కాంటింజెంటు అశ్వదళాలలో ఒకటి ఆ సంవత్సరమే 20వ డక్కన్ హార్స్ అయింది. అంటే ఒక్క అంకె ఆ వస్తువు ఏ ఏడుకు ముందుదో, ఏ ఏటి తరువాతదో చెప్పివేస్తుంది. మా ఇంటి బిళ్ళపై నేను తుడిచివేసినది అదే.

మరలు, కుట్లు, లోపలి తోలు పట్టీ కూడా సాక్ష్యం చెబుతాయి. చెమట తగిలిన తోలు ఒక తీరుగా నల్లబడుతుంది. టీ నీళ్ళు పోసి నలుపెక్కించిన తోలు ఇంకొక తీరుగా ఉంటుంది. బిళ్ళ ఏళ్ళ తరబడి ఒకచోటే ఉంటే దాని వెనుక గుడ్డ రంగు వెలియకుండా నిలుస్తుంది. నిన్న అతికించిన బిళ్ళ వెనుక అటువంటి నీడ ఉండదు.

ఇంతవరకు చెప్పినది వస్తువు గురించి. ఇక మనుషుల గురించి చెప్పాలి. ఒక పాగా కోసం వందలమంది ప్రాణాలు పోయిన చరిత్ర మన పొరుగుననే ఉన్నది.

ఇంగ్లీషు కంపెనీ దక్షిణాన కూర్చుకొన్న సైన్యంలో తెలుగువారు చాలామంది ఉండేవారు. ఆ సిపాయిలను క్లైవు బంగాళానికి తీసుకొనిపోగా, తెలుగు నేల నుండి వచ్చినవారన్న అర్థంలో ఉత్తరాదివారు వారిని 'తిలంగా'లు అన్నారు. కాలక్రమంలో ఆ మాట ఏ ప్రాంతపు సిపాయికైనా పేరైపోయింది. 1857లో ఢిల్లీ నగరవాసులు మీరట్ నుండి వచ్చిన సిపాయిలను కూడా తిలంగాలనే పిలిచారు. ఆ సిపాయిలలో తెలుగు మాట తెలిసినవాడు ఒక్కడూ లేకపోవచ్చు.

ఆ మదరాసు సైన్యానికి 1805 నవంబరులో సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ కొత్త నియమాలు తెచ్చాడు. కవాతుకు వచ్చే సిపాయి నుదుట బొట్టుగాని నామంగాని పెట్టుకోరాదు. చెవిపోగులు ఉండరాదు. గడ్డం తీసివేయాలి, మీసం అందరికీ ఒకే తీరుగా ఉండాలి. వీటితోపాటు పాత పాగాకు బదులు గుండ్రని కొత్త పాగా వచ్చింది. చూడటానికి అది పాగాకంటె దొరల టోపీకే దగ్గర. దానికి తోలు కుచ్చు ఒకటి బిగించి ఉన్నది. ఆ తోలు ఆవుదని హిందువులు, పందిదని ముసల్మానులు అనుమానించారు. అనుమానం సంగతి అటుంచి, ఆనాడు 'టోపీవాలా' అంటే ఐరోపావాడు అని అర్థం. ఆ టోపీ పెట్టుకొని ఊరికి పోతే, 'మతం మార్చుకొన్నావా?' అని ఇంటివారే అడుగుతారన్న భయం సిపాయిది. బొట్టు చెరిపి, పోగు తీసి, తలపై టోపీ పెడితే ఆ భయం తప్పని ఎవరు అనగలరు?

1806 మేలో వేలూరులో కొందరు సిపాయిలు ఆ పాగా పెట్టుకోబోమన్నారు. వారిని విచారించి, ఒక హిందువుకు, ఒక ముసల్మానుకు తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు వేయమని తీర్పు చెప్పారు. జూలై 10 తెల్లవారకముందే కోటలోని సిపాయిలు తిరగబడ్డారు. నిద్రలో ఉన్న 69వ రెజిమెంటు బ్రిటిషు సైనికులపై కాల్పులు జరిపారు. వందమందికి పైగా చనిపోయారు. ఆ కోటలోనే బందీలుగా ఉన్న టిప్పు సుల్తాను కుమారుల కోసం మైసూరు జెండాను ఎగురవేశారు. ఆర్కాటు నుండి గిలెస్పీ అనే అధికారి గుర్రపు దళంతో వచ్చి మధ్యాహ్నంలోగా కోటను పట్టుకొన్నాడు. ఆ తరువాత జరిగినది యుద్ధం కాదు; పట్టుబడినవారిని గోడ వద్ద నిలబెట్టి కాల్చారు. వందల సంఖ్యలో సిపాయిలు మరణించారు. ఆ జూలైలోనే హైదరాబాదులోని కంపెనీ సైన్యంలోనూ అలజడి రేగగా, అక్కడి అధికారి కొత్త పాగా ఉత్తర్వును వెనుకకు తీసుకోవడంతో చల్లబడింది. చివరకు ఆ నియమాలన్నీ రద్దయ్యాయి. గవర్నరు బెంటింకును, క్రాడక్‌ను ఇంగ్లండుకు వెనుకకు పిలిపించారు.

ఆ తిరుగుబాటుకు పాగా ఒక్కటే కారణమని చరిత్రకారులు అనరు. టిప్పు కుటుంబం ఉన్నది, జీతాల అసంతృప్తి ఉన్నది. అయినా కడుపులో ఉన్న బాధకు తలమీది బరువు తోడైతేనే మనిషి లేచి నిలబడతాడని నాకు తోస్తుంది. ఇంత రక్తానికి కారణమైన ఆ పాగాను నేను చూసిన ఏ ప్రదర్శనశాలలోనూ చూడలేదు. గుడ్డ చిరుగుతుంది, చెదలు తింటుంది, మా ఇంట్లోలాగా బొంతలో చేరుతుంది. అధికారి శిరస్త్రాణం తోలు, ఇత్తడి, వెండి తీగ. పైగా దానికొక రేకు డబ్బా కూడా ఉండేది. అందుకే సేకరణలలో ఎక్కువగా మిగిలినవి అధికారుల టోపీలు. వాటిని మాత్రమే చూసి ఆనాటి సైన్యాన్ని ఊహిస్తే, సైన్యమంతా అధికారులే అనిపిస్తుంది.

మన గోదావరి తీరానికి ఈ కథలో ఇంకొక చోటు ఉన్నది. దక్కన్‌లోనూ, పర్షియాలోనూ యోధులు ధరించిన ఉక్కు శిరస్త్రాణాన్ని 'కులాహ్ ఖూద్' అంటారు. మన కుళ్ళాయికి అది దగ్గరి చుట్టం. గిన్నెను బోర్లించినట్లుండే ఉక్కు చిప్ప, పైన మొన, ముక్కును కాపాడటానికి పైకీ కిందికీ జరిపే పట్టీ, ఈకలు గుచ్చుకోవడానికి రెండు గొట్టాలు, మెడచుట్టూ వేలాడే ఉంగరాల వల – ఇదీ దాని రూపం. ఉక్కుపై బంగారు తీగను అద్దే 'కోఫ్త్‌గరీ' పనితనం మేలైన వాటిపై కనబడుతుంది. వాటిలోనూ అరుదైన కొన్నింటి ఉక్కుపై నీటి అలల వంటి చారలు ఉంటాయి. ఆ చారల ఉక్కును మూసలలో వండినచోట్లలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం పేరుపొందినది. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళిన వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను చూసి వ్రాశాడు. నిర్మల్ దగ్గరి కొండల ఖనిజం అక్కడికి వచ్చేది. ఆ ఉక్కు ముద్దలను కొనడానికి పర్షియా దేశపు వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. మన 'ఉక్కు' మాటే ఇంగ్లీషులో 'వూట్జ్' అయిందని పండితులు చెబుతారు.

అయితే పంతొమ్మిదవ శతాబ్దంలో పర్షియాలో ఈ శిరస్త్రాణాలను యుద్ధం కోసం కాక, ఉత్సవాలకు, అలంకరణకు, విదేశీయులకు అమ్మడానికి చాలా చేశారు. పలుచని రేకు మీద రాక్షస ముఖాలు, కొమ్ములు చెక్కినవి అటువంటివే. అవి నకిలీవి కావు, పాతవే. కాని ఏ యోధుడూ వాటిని ధరించి యుద్ధానికి పోలేదు. ఈ భేదం తెలియక మోసపోయినవారు ఎందరో.

మన రాష్ట్రంలో ఇటువంటి ఆయుధాలను, కవచాలను, శిరస్త్రాణాలను చూడదలచినవారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాలి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో జన్మించాడు. 1912 నుండి 1914 వరకు నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రిగా ఉండి, పదవి విడిచిన తరువాత జీవితాన్నంతా సేకరణకే ధారపోశాడు. 1949లో ఆయన మరణించాడు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాల ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయి, 1968లో మూసీ ఒడ్డున నేడున్న భవనంలోకి మారింది. మా విద్యార్థులతో వెళ్ళిన ప్రతిసారీ వారంతా గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడుతారు. నేను ఆయుధాల గదిలో మిగిలిపోతాను.

ఆ గదిలో నిలబడినప్పుడు నాకు మా పక్క జిల్లా నిర్మల్ గుర్తుకు వస్తుంది. 1857 తరువాత రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రోహిల్లాలు ఆ అడవుల్లో నిజాం సైన్యంతోనూ, ఇంగ్లీషువారితోనూ పోరాడారు. 1860లో ఆయననూ ఆయన అనుచరులనూ ఒక మర్రిచెట్టుకు ఉరితీశారని, అందుకే అది 'వెయ్యి ఉరుల మర్రి' అయిందని అక్కడివారు చెబుతారు. ఆ మనుషుల తలలకు చుట్టుకొన్న రుమాళ్ళు ఏ గాజు పెట్టెలోనూ నాకు కనబడలేదు. వారిపైకి వచ్చిన ఫౌజులో మా తాత తాత ఉన్నాడేమో కూడా నాకు తెలియదు. పలటం అంకె ఉంటే, ఆ పలటం ఏ సంవత్సరం ఎక్కడున్నదో వెదకవచ్చు. అప్పుడు తెలిసేది గర్వపడవలసిన విషయమో, తల దించుకోవలసిన విషయమో! రెండింటిలో ఏదైనా తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకొంటాను.

పాత సైనిక టోపీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే చేయవలసినవి కొన్ని, చేయకూడనివి అంతకంటె ఎక్కువ. మొదటిది, తోమరాదు. ఇత్తడిపై నల్లని పొర దానికి కవచం వంటిది. తోలుకు తగిలే ఇత్తడిపై ఆకుపచ్చని చిలుము పేరుకొంటుంది. దానిని వెదురు పుల్లతో మెల్లగా తీయవచ్చును కాని పులుపు తగిలించరాదు. టోపీని మేకుకు తగిలిస్తే దాని బరువే దానిని వంకర చేస్తుంది. ఆమ్లం లేని తెల్లని కాగితాన్ని ఉండలు చేసి లోపల నింపి, చదునైన చోట నిలబెట్టాలి. వానకాలపు తేమకు తోలు బూజు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఎండలో పెడితే తోలు పగులుతుంది, రంగు వెలుస్తుంది. నీడ, గాలి, నిలకడైన వాతావరణం దానికి కావాలి. కలరా ఉండలను వస్తువుకు తగిలేటట్లు వేయరాదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం 1976లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేళ్ళకు తక్కువకాని చారిత్రక వస్తువు పురావస్తువు. పంతొమ్మిదవ శతాబ్దపు ప్రతి సైనిక టోపీ నేడు ఆ లెక్కలోకి వస్తుంది. దానిని ఇంట్లో ఉంచుకోవచ్చు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. వ్యక్తులు దేశం దాటించడం నేరం.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఖర్చులేనిది. వస్తువు ఎవరిదో, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చిందో ఒక కాగితంపై వ్రాసి దానితో ఉంచాలి. హైదరాబాదు పెద్దమనిషి ఇంట్లో వెల గల టోపీలు చాలా ఉండేవి. వాటన్నిటిలో ఆయన నాకు మొదట చూపినది చిరిగిపోయిన ఒక సాధారణ సైనికుని టోపీ. దాని లోపల సిరాతో వ్రాసిన పేరు ఉన్నది.

పోయిన సంవత్సరం మా మనుమడు సెలవులకు వచ్చాడు. గోడ మీది నల్ల టోపీని చూసి, "తాతా, ఇదెవరిది?" అని అడిగాడు.

"మా బాపుది."

"ఆయన సిపాయా?"

"కాదురా, బొగ్గు బాయిలో పనిచేసిండు."

"మరి దీనికి ఇన్ని గీతలెందుకున్నయి?"

నేను టోపీని దించాను. పైభాగాన ఎడమవైపు లోతైన గాటు ఒకటి ఉన్నది. ఒకనాడు గని పైకప్పు నుండి రాయి జారి పడిందని, ఆ రోజు బాపు ఇంటికి ఆలస్యంగా వచ్చాడని, అవ్వ వాకిట్లోనే కూర్చుండిపోయిందని నాకు గుర్తున్నది. అది ఏ సంవత్సరమో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు. పక్కవాడలో ఉండే బాపు తోటి కార్మికుడొకరిని అడిగి తెలుసుకొన్నాము. మనుమడు తుడుస్తానని తడిగుడ్డ తెచ్చాడు, వద్దన్నాను. టోపీపై బొగ్గు మసిని అలాగే ఉంచి, ఒక కాగితంపై బాపు పేరు, ఆయన పుట్టిన ఊరు, గని పేరు, పనిచేసిన సంవత్సరాలు, రాయి పడిన సంవత్సరం వాడితోనే వ్రాయించాను. ఆ కాగితాన్ని మడిచి టోపీ లోపల పెట్టాము. మేకును గోడనుండి పీకివేశాను. టోపీ ఇప్పుడు రేకు పెట్టెలో, ఇత్తడి బిళ్ళ పక్కన ఉన్నది.

అభ్యాసం

1. 1806 నాటి వేలూరు తిరుగుబాటుకు కొత్త పాగా ఎట్లా కారణమైనదో వివరించండి.
2. పాత సైనిక టోపీ కాలాన్ని నిర్ణయించడానికి తోడ్పడే ఆధారాలను తెలపండి.
3. 'వాటిని మాత్రమే చూసి ఆనాటి సైన్యాన్ని ఊహిస్తే, సైన్యమంతా అధికారులే అనిపిస్తుంది' – రచయిత ఈ మాట ఏ సందర్భంలో అన్నాడు? మీ అభిప్రాయం వ్రాయండి.
4. మీ ఇంటిలో ఉన్న ఒక పాత వస్తువు ఎవరిదో, ఎవరి ద్వారా వచ్చినదో పెద్దలను అడిగి పది వాక్యాలలో వ్రాయండి.